ఎండ తగలని చోటు

బానెట్ ఎత్తగానే అందరి చూపూ ఇంజన్ మీద.
నాది, ఆ పక్క గోడకి కొట్టిన రేకు మీద.
పేకముక్కలో సగం ఉంటుంది.
నాలుగు రివెట్లు. అందులో ఒకటి కొత్తగా మెరుస్తోంది.
ఒకటి మారిందంటే
మిగతా మూడూ సాక్ష్యానికి పనికిరావు.

ట్రిమ్ కోడ్ దగ్గర గోరుతో గీకితే
తుప్పు కింద నుంచి ఒక ఏడు, దాని పక్కన ఒక కె.
నల్లతోలు, తెల్ల పైపింగ్ అని అర్థం.
సీట్లూ నల్లగానే ఉన్నాయి.
"జాతకం, మొహం కలిశాయిగా!" అన్నాడు ఆస్మండ్ పెరిక్,
కెనిల్‌వర్త్‌లో నలభై ఏళ్ళు పళ్ళు కట్టి రిటైరైన మనిషి.

కలిశాయి. కానీ కుట్లు లెక్కపెట్టాను.
అంగుళానికి ఆరు.
మా కోవెంట్రీ ఫ్యాక్టరీలో ఎనిమిదికి తగ్గితే
ఫోర్‌మన్ ఆ సీటు మొహాన కొట్టేవాడు.

ఇక వెతుకులాట.
సీటు పట్టాల కింద. డోర్ రబ్బరు మడతలో.
కార్పెట్ ఎత్తితే ఎవరిదో హెయిర్‌పిన్ను,
పాత ఆరు పెన్నీలు,
ఎలక కొరికిన నార.
చివరికి యాష్‌ట్రే విప్పాను,
మా ఆవిడ దగ్గర కొట్టేసిన చెక్కగరిటె కాడతో,
ఇనుము తగిలితే తోలు చిట్లుతుంది మరి.

దాని వెనకాల, బొటనవేలంత మేర,
అరవై ఏళ్ళుగా ఎండ మొహం చూడని రంగు.
నలుపు కాదు.
బీట్‌రూట్ తరిగిన చేతులు
రెండోసారి కడుక్కున్నాక మిగిలే రంగు.

ఆస్మండ్ మాట్లాడలేదు.
కళ్ళజోడు తీశాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

డోర్ ప్యానెల్ వెనక అట్ట మీద పెన్సిల్ రాత:
తొమ్మిది బై ఎమ్. కింద తోక ఉన్న టిక్కు.
ఆ తోకని పట్టుకుని ఫోల్స్‌హిల్ వెళ్ళాను,
డోరీన్ రడ్కిన్ ఇంటికి. ఎనభై తొమ్మిదేళ్ళు.
ఫోటో చూసి, "నా తోక ఇంత పొడుగుండదు,
ఇది వాష్టీ తోక" అంది.
"ఆ వారం నల్లతోలు లారీ రాలేదు నాయనా.
రేకులు సోమవారమే కొట్టేశారు.
బండి శుక్రవారం వెళ్ళాలి.
ఉన్నదాంతో కుట్టాం.
కొన్నవాడు ఏమీ అనలేదు, వాడికి అదే నచ్చిందట."
తరవాత ఒక బిస్కట్ టీలో ముంచి,
వాష్టీ పెళ్ళిలో కేకు కూలిన కథ మొదలుపెట్టింది.
పూర్తిగా విన్నాను. అరగంట పట్టింది.

రేకు అబద్ధం చెప్పలేదు,
అనుకున్నది చెప్పింది.
తోలు, జరిగింది చెప్పింది.
పోటీలో జడ్జీల చేతిలో ఉండేది మాత్రం రేకు.
నలుపు కాకపోతే నాలుగు పాయింట్లు పోతాయి.

తోళ్ళ వ్యాపారి మూడు నమూనాలు పంపాడు.
ట్యూబ్‌లైట్ కింద మొదటిది కలిసింది,
గుమ్మం దగ్గర ముసురు వెలుతుర్లో రెండోది,
మూడోది ఎక్కడా కలవలేదు.
"పళ్ళకి పదహారు తెలుపులుండేవి నా దగ్గర" అన్నాడు ఆస్మండ్,
"ఏ ఒక్కరి పన్నూ వాటిలో దేనికీ సరిగ్గా సరిపోలేదు.
దగ్గరగా ఉన్నది పెట్టి, నవ్వమనేవాణ్ణి."

రెండోది కుట్టాను. అంగుళానికి ఎనిమిది.
యాష్‌ట్రే వెనక పాత ముక్కని ముట్టుకోలేదు.
కొత్త తోలు దాని పక్కన
పెళ్ళివారింట్లో తప్పిపోయిన పిల్లాడిలా గట్టిగా అరుస్తోంది.
"కొన్నాళ్ళు ఎండ తగిలితే సర్దుకుంటుంది" అన్నాను.

అందుకని మార్చి నెల మొదటివారం,
టాప్ తీసేసి, చెవులదాకా మఫ్లర్ చుట్టుకుని,
మా వీధి చివర రౌండబౌట్ చుట్టూ
మూడుసార్లు తిరిగాడు ఆస్మండ్,
కోవెంట్రీలో ఎండ కోసం.
నాలుగోసారి వాన మొదలైంది.